శ్రీశైలవనము – ప్రసాదధర్మము

వీరశైవ గృహములలో భోజనము ముగిసిన పిమ్మట పళ్ళెమును కడిగి ఆ నీటిని సైతము త్రాగు పెద్దలను మనలో అనేకులు చూచియున్నారు. చూడని పిన్నలకు ఇది వింతగా తోచవచ్చును. కాని ఈ ఆచారములో గొప్ప ధర్మసూక్ష్మము ఇమిడియున్నది. ఇష్టలింగమునకు సమర్పింపబడిన అన్నము ప్రసాదము. దానిలో ఒక్క మెతుకునైనను పాఱవేయు అధికారము భక్తునకు లేదు. అందుచేత అతడు తనకు వలసినంతయే పెట్టించుకొనును, పెట్టించుకొన్నదానిని మిగుల్పడు.

ఈ పాఠమున ఆ ప్రసాదధర్మమును పళ్ళెము దాటించి అడవి వఱకు తీసికొనిపోదము. మానవుని అభివృద్ధి ముఖ్యమా, వన్యప్రాణుల రక్షణ ముఖ్యమా అను ప్రశ్న నేడు పలుచోట్ల వినవచ్చుచున్నది. ఒకరు ఆనకట్టలు, రహదారులు లేనిదే ప్రజలకు బ్రతుకు లేదందురు. మఱియొకరు మానవుడు అడుగిడిన చోట మృగము బ్రతుకదందురు. శరణధర్మము ఈ రెండు వాదములలో దేనిని అంగీకరించును? శ్రీశైల క్షేత్రమునే ఉదాహరణముగా గైకొని విచారింతము. ఇది ఎవరో దూరస్థుల సమస్య కాదు. ఆ అడవిలో ఏటేట లక్షలాదిగా అడుగిడుచున్నది మనమే.

ప్రసాదమునకు మూడు నియమములు

అష్టావరణములలో ప్రసాదమొకటి. షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. పెద్దల ఆచరణమును పరిశీలించినచో ప్రసాద స్వీకారమునకు మూడు నియమములు కనబడును. అవసరమునకు మించి గ్రహింపరాదు. పంక్తిలో కూర్చున్న తక్కినవారి పాలు హరింపరాదు. గ్రహించినదానిని వ్యర్థము చేయరాదు.

ఇందు రెండవ నియమము విశేషముగా గమనింపదగినది. పంక్తిలో ఎవరెవరు కూర్చుందురు? పండ్రెండవ శతాబ్దిలో బసవేశ్వరుడు కల్యాణములో చేసిన మహాకార్యము ఈ పంక్తిని విస్తరింపజేయుటయే. చెప్పులు కుట్టు హరళయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య వంటివారు అనుభవమండపములో శరణులై వెలసిరి. కాయకము చేయు ప్రతివాడును ఆ పంక్తికి అర్హుడయ్యెను. అంతటితో నిలువక బసవేశ్వరుడు సకల ప్రాణులయెడ దయను ధర్మమునకు ఆధారముగా నిలిపెను. కనుక నోరులేని జీవమునకు కూడ ఆ పంక్తిలో చోటున్నది. ఈ మాటను అంగీకరించినవారు అడవిని ఎవరును కూర్చుండని ఖాళీ పంక్తిగా భావింపజాలరు.

నల్లమల పంక్తిలో నున్నవారు

శ్రీశైలము మనకు మల్లికార్జునుని నివాసము, సూర్యసింహాసన పీఠస్థానము. అల్లమప్రభువు, అక్కమహాదేవి తుదకు చేరినది అచ్చటి కదళీవనమే. అక్క తన చెన్నమల్లికార్జునుని వెదకుచు చెట్లను, పక్షులను పలుకరించిన సంగతి ఆమె వచనములు చదివినవారికి తెలియును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమను పేర ఈ క్షేత్రమునకు ప్రత్యేక స్థానమొసగెను. శిఖరము, గుడి, అడవి మన పూర్వులకు వేర్వేరు కావు.

ఆ అడవియే నల్లమల. పెద్దపులి, చిఱుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, దుప్పి, మనుబోతు, కొండగొఱ్ఱె, అలుగు మున్నగునవి ఇచ్చట నివసించుచున్నవి. కృష్ణలో మొసళ్ళు కలవు. ఈ ప్రాంతము 1978లో వన్యప్రాణుల అభయారణ్యముగాను, 1983లో పులుల సంరక్షణ కేంద్రముగాను ప్రకటింపబడినది. నాడు 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో దేశములోని పులుల కేంద్రములన్నిటిలో పెద్దదిగా పేరొందినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట కృష్ణకు ఉత్తరమున నున్న భాగము తెలంగాణలో అమ్రాబాద్ కేంద్రముగను, దక్షిణ భాగము ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్–శ్రీశైలము కేంద్రముగను నిలిచినవి.

ఒక్క పులి కొఱకు ఇంత అడవి ఏల అని కొందఱడుగుదురు. పులి ఏడాదికి సుమారు 50 పెద్ద మృగములను ఆహారముగా గొనును. వాటి సంతతి తఱుగకుండ ఇన్ని దొరకవలెనన్న చుట్టుప్రక్కల సుమారు 500 మృగములు బ్రతికియుండవలెనని శాస్త్రజ్ఞుల లెక్క. ఆ మృగములకు గడ్డి కావలెను, ఆకు కావలెను, వేసవిలో ఎండని మడుగు కావలెను. పులి బ్రతికియున్నదనగా ఆ గడ్డి, ఆ చెట్టు, ఆ నీరు నిలిచియున్నవని అర్థము. దేశమంతటను 2006లో 1,411గా అంచనా వేయబడిన పులుల సంఖ్య 2022 గణనలో 3,682కు పెరిగినది. మనుష్యుడు సంకల్పించినచో పోయినది మరల రాగలదనుటకు ఇది నిదర్శనము.

ఈ పంక్తిలో మనకంటె ముందుగా కూర్చున్న మనుష్యులును కలరు. వారు చెంచులు. తేనె, జిగురు, దుంపలు, పండ్లు సేకరించుచు పెంటలలో నివసించు ఈ జనులకు మల్లికార్జునుడు చెంచు మల్లయ్య; తమ యింటి అల్లుడు. కొండచరియలపై త్రాటితో వ్రేలాడి తేనె తీయు చెంచు చేయుచున్నదియు కాయకమే. ఏ మడుగు ఎప్పుడెండునో, ఏ జాడ ఏ మృగముదో అతనికి తెలియును. అందుచేతనే అటవీశాఖ పులుల జాడ తీయుటకు, అడవి కాపలాకు చెంచులను నియమించుకొన్నది. అభయారణ్యము పేరుతో ఇట్టివారిని త్రోసివేయుట మృగదయ యనిపించుకొనదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి హక్కులను గుర్తించినది. పులుల కేంద్రమునుండి ఏ కుటుంబమైనను వెలుపలికి తరలవలెనన్న అది స్వచ్ఛందముగా జరుగవలెనని చట్టము చెప్పుచున్నది. అట్లు తరలినవారికిచ్చు సొమ్మును 2021లో కుటుంబమునకు 10 లక్షలనుండి 15 లక్షల రూపాయలకు పెంచిరి. కాని సొమ్ము ముట్టినంత మాత్రమున తరతరాల కాయకము తిరిగి రాదు. క్రొత్తచోట భూమి, నీరు, చదువు, పని కుదిరినప్పుడే ఆ న్యాయము పూర్తియగును.

అభివృద్ధిని నిరాకరింపవచ్చునా?

బసవేశ్వరుడు లోకమును విడిచి అడవులకు పొమ్మని బోధింపలేదు. ఆయన స్వయముగా రాజ్యకోశమును నిర్వహించిన మంత్రి. శ్రమించి ఆర్జింపుము, ఆర్జించినది దాసోహము చేయుము అనునదే ఆయన మార్గము. కాబట్టి పొలమునకు నీరు, ఇంటికి వెలుగు, రోగికి ఆసుపత్రి, బిడ్డకు బడి కోరుట శరణధర్మమునకు విరుద్ధము కాదు.

శ్రీశైలము వద్ద కృష్ణపై కట్టిన ఆనకట్ట 1981లో పూర్తియైనది. కుడిగట్టున 770 మెగావాట్ల, ఎడమగట్టున భూగర్భములో 900 మెగావాట్ల విద్యుత్కేంద్రములు ఏర్పడినవి. రాయలసీమ కఱవు భూములకు అచ్చటినుండి నీరు పాఱుచున్నది. ఈ మేలును కాదనుట కృతఘ్నత యగును.

అయితే ఆ మేలుకు మూల్యము చెల్లించినవారెవరు? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూఱుకు పైగా గ్రామములు మునిగినవి. సుమారు లక్షమంది ఇండ్లు వీడిరి. నదీలోయలోని అడవి నీటిపాలైనది. కృష్ణాతుంగభద్రల సంగమమున నున్న కూడలి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమునకు తరలించిరి. సప్తనదీ సంగమేశ్వరుడు మాత్రము నీటిలోనే యుండి, జలాశయము తగ్గిన వేసవిలో దర్శనమొసగుచున్నాడు. దీపము వెలిగిన ఇల్లు ఒకచోట, ఆరిపోయిన ఇల్లు మఱియొకచోట ఉన్నప్పుడు మొదటివాడు రెండవవానికి ఋణగ్రస్తుడు. ఈ ఋణమును గుర్తించుటయే దాసోహభావము.

ఇంకొక సంగతి. ఆనకట్ట కట్టినప్పుడు ఆ జలాశయములో 308 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునని లెక్కించిరి. ఎగువనుండి కొట్టుకొని వచ్చిన పూడిక చేత ఇప్పుడు సుమారు 215 శతకోటి ఘనపుటడుగులకు అది తగ్గినది. ఎగువ పరీవాహకములో చెట్టు పోయిన నేల వానకు కరగి నదిలో చేరును. నదినుండి జలాశయము చేరును. అడవిని రక్షించుట అభివృద్ధికి అడ్డుపడుట యని తలచువారు ఈ లెక్కను చూడవలెను. పొలమునకు పాఱు నీరే తగ్గినప్పుడు నష్టపోవునది రైతు.

అన్ని నిర్మాణములు ఒక్క తీరువి కావు. నల్లమలలో యురేనియం కొఱకు త్రవ్వకములు జరుగునన్న వార్త పుట్టినప్పుడు చెంచులు, రైతులు, పట్టణవాసులు ఏకకంఠముతో వ్యతిరేకించిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకములు వద్దని తీర్మానించినది. ప్రతి పథకమును మన మూడు నియమములతో పరీక్షింపవచ్చును. ఇది అవసరమా, ఆశయా? పంక్తిలోని తక్కినవారి పాలు మిగులునా? మిగిలిపోవు మలినమును ఎవరు మోయవలెను? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము లేని పథకము ఎంత లాభము చూపినను ప్రసాదము కానేరదు.

కూడలసంగమము నేర్పు పాఠము

అడవికి, ఆనకట్టకు పొత్తు కుదురదని నిరాశ చెందనవసరము లేదు. బసవేశ్వరుడు ఐక్యమందిన కూడలసంగమము కృష్ణా మలప్రభల కూడలిలో నున్నది. దిగువన నారాయణపురము వద్ద ఆనకట్ట నిర్మింపబడి 1982లో పూర్తియైనప్పుడు ఆ నీరు ఐక్యమండపమును ముంచునట్టి స్థితి కలిగెను. అప్పుడు నిర్మాతలు మండపము చుట్టును బావివలె ఎత్తైన గోడ కట్టిరి. నేడు భక్తులు వంతెనమీదుగా నడచి, మెట్లు దిగి, చుట్టును నీరుండగా పొడినేలపై ఐక్యలింగమును దర్శించుచున్నారు. ఆనకట్ట నిలిచినది, మండపమును నిలిచినది.

మనకు పవిత్రమైనదానికొఱకు ఉపాయము వెదకితిమి, దొరకినది. శివుని సృష్టియైన ప్రాణుల కొఱకును అంత శ్రద్ధతో వెదకినచో ఉపాయము దొరకదా? దొరకుచునే యున్నది. మహారాష్ట్రలో పెంచ్ అడవిని చీల్చుకొని పోవు 44వ జాతీయ రహదారిని పలుచోట్ల పైకెత్తి, దాని క్రిందుగా మృగములు దాటు మార్గములు విడిచిరి. వాటిగుండ పులులు సైతము రాకపోకలు సాగించుట ఛాయాచిత్రములలో నమోదైనది. కర్ణాటకలోని బందీపురము అడవిదారిలో 2009 నుండి రాత్రివేళ సాధారణ వాహనములను ఆపుచున్నారు. శ్రీశైలము పోవు అడవిదారులలోను రాత్రి రాకపోకలకు నిషేధమున్నది. కొన్ని గంటలు ఆగుటవలన యాత్రికునకు కలుగు నష్టమల్పము. వాహనపు వెలుగుకు కన్నులు చెదరి నిలిచిపోవు మృగమునకు అది ప్రాణసమానము.

పగ వలదు, పరిహారము కావలెను

మన సమాజమువారు భక్తితో దర్శించు మఱియొక కొండ కర్ణాటకలో చామరాజనగర జిల్లాయందున్న మలె మహదేశ్వర క్షేత్రము. మహదేశ్వరుడు పులినెక్కి సంచరించెనని భక్తుల విశ్వాసము. నేటికిని అచ్చట పులివాహనోత్సవము జరుగును. ఆ కొండల అడవి 2013లో అభయారణ్యమైనది. అట్టి చోటనే 2025 జూన్ నెలలో ఒక ఆడపులియు దాని నాలుగు పిల్లలును విషాహారము తిని మరణించినవి. పులి చంపిన ఆవు కళేబరములో విషము కలుపబడినదని విచారణలో వెల్లడియైనది.

ఈ వార్త విని పులిని తలచి దుఃఖించుట సహజము. కాని శరణుడు ఆ ఆవుగలవానిని కూడ తలచవలెను. పేదవానికి ఒక ఆవు పోవుట అనగా ఇంటిలో పాలు, అంగడిలో పరపతి రెండును పోవుట. పరిహారము కొఱకు అతడు నెలల తరబడి తిరుగవలసివచ్చినచో అతని గుండెలో పగ పుట్టును. పగకు దండన తప్పదు. అయినను దండన పగ పుట్టుటను ఆపజాలదు. ఆవు చచ్చిన నాడే వచ్చి చూచి, కొలది దినములలో సొమ్ము చేతికిచ్చు ఏర్పాటు ఉన్నచోట విషపు సీసా మూత తెఱవబడదు. పులిని రక్షించు మొదటి కంచె దాని ప్రక్కన బ్రతుకు పేదవాని తృప్తియే. దేశమంతటికి గర్వకారణమైన పులి కొఱకు అయిన నష్టమును అడవి అంచున నున్న ఒక్క కాపరి మోయుట పంక్తిభేదము.

మన యాత్రాకాలమే అడవికి కష్టకాలము

ఇప్పుడు మన విషయమునకు వత్తము. శ్రీశైలమునకు జనులు విశేషముగా వచ్చునది మహాశివరాత్రికి, ఉగాదికి. కర్ణాటక, మహారాష్ట్రలనుండి కన్నడభక్తులు ఉగాదికి కాలినడకన వత్తురు. వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా సాగు ఆ మార్గము పూర్వులు నడచినది. దానిని విడువుమని ఎవరును చెప్పజాలరు.

అయితే ఈ రెండు పండుగలు వచ్చునది ఆకు రాలి, గడ్డి ఎండి, మడుగులు తఱుగు కాలమున. సంవత్సరములో అడవిజీవములకు మిక్కిలి కఱవైన దినములవి. మనము దాహము తీర్చుకొను కొలనునకే దుప్పి, కణుజు, ఎలుగు కూడ సాయంవేళ, వేకువవేళ వచ్చును. గట్టున వేలమంది విడిది చేసి రాత్రియంతయు దీపములు, కేకలు, గానపెట్టెల మ్రోతలతో నుండినచో అవి దాహముతోనే వెనుదిరుగును. వంటకై పెట్టిన నిప్పును ఆర్పక పోయినచో ఎండుటాకులంటుకొని కొండవాలు కాలును. ఆహారపు వాసన గల ప్లాస్టిక్ సంచిని తిన్న దుప్పికి అది అరగదు, బయటికి రాదు, కడుపు నిండినట్లే యుండి ఆకలితో చచ్చును. ఇంటిలో పళ్ళెము కడిగిన నీటిని సైతము వ్యర్థము చేయని మనము, స్వామి వాకిట ఇంత ఎంగిలి విడిచి పోవుట ఏ ఆచారము?

గృహస్థులు, మఠములు చేయదగినవి

గృహస్థులు అడవిదారిలో తమవెంట తెచ్చిన ప్రతి సంచిని, సీసాను తిరిగి తీసికొనిపోవలెను. కోతులకు, దుప్పులకు తినుబండారములు వేయుట పుణ్యము కాదు. దానివలన అవి రహదారికి అలవాటుపడి చక్రముల క్రింద పడుచున్నవి. రాత్రి నిషేధపు వేళలను తెలిసికొని ప్రయాణమును నిర్ణయించుకొనవలెను. తేనె కొనునప్పుడు గిరిజన సహకార సంస్థ అంగడిలో కొనినచో చెంచుల కాయకమునకు కొంత విలువ దక్కును.

మఠములు, దాసోహ సంఘములు నడకదారిలో అన్నదానము చేయునప్పుడు విస్తరాకులనే వాడవలెను. నీటిని వెలుపలినుండి తెప్పించి, అటవీశాఖ నిర్ణయించిన చోట్లనే విడిదులు పెట్టి, కొలనుగట్లను సాయంకాలము నుండి మృగములకు విడువవలెను. శిబిరము ఎత్తిన మఱునాడు ఆ స్థలమును శుభ్రము చేయుట దాసోహములో చివరి వడ్డన యని భావింపవలెను. చెంచుబిడ్డల విద్యకు, పశువులు పోయిన పేదల తక్షణ సహాయమునకు దాసోహనిధిలో ఒక భాగమును కేటాయింపవచ్చును.

చెప్పుటకు కష్టమైనను చెప్పవలసినది ఇంకొకటి కలదు. శ్రీశైలములో తమ పేర సత్రమొకటి ఉండవలెనని ప్రతి కులమువారు, ప్రతి ఊరివారు కోరుచున్నారు. మనవారును అందుకు వేఱు కారు. కొండపై నేల పెరుగదు. ప్రతి క్రొత్త పునాదికి క్రొత్త నేల కావలెనన్నచో అది అడవినుండియే రావలెను. ఉన్న సత్రములలో ఏడాదిలో ఎన్ని దినములు గదులు ఖాళీగా నుండుచున్నవో ముందు లెక్క చూతము. ఉన్నవానిని బాగుచేసికొని కలిసి వాడుకొందము. దేహమునే దేవళముగా చేసికొమ్మని నేర్పిన సంప్రదాయమునకు, మల్లయ్య ముంగిట మఱియొక శిలాఫలకము లేకున్నను లోటు లేదు.

మానవుని అభివృద్ధి, మృగముల రక్షణ త్రాసులో రెండు తట్టలు కావు. ఒకే పంక్తిలో రెండు విస్తళ్ళు. వడ్డించువాడు శివుడు. మన విస్తరిలో వడ్డించినది తృప్తిగా భుజింపవచ్చును. ప్రక్క విస్తరిలోనికి చేయి చాపరాదు.

చింతన కొఱకు ప్రశ్నలు

1. ప్రసాద స్వీకారమునకు గల మూడు నియమములేవి? మీ గృహములో వానిలో ఏది సడలినది?

2. మీ గ్రామమునకు నీరు, విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చుచున్నవి? అందుకొఱకు స్థానము కోల్పోయినవారెవరు?

3. చెంచుల తేనె సేకరణమును కాయకమని ఏల చెప్పవలెను?

4. కూడలసంగమ ఐక్యమండప రక్షణమునుండి రహదారుల నిర్మాతలు గ్రహింపదగిన పాఠమేమి?

5. రాబోవు శివరాత్రి యాత్రలో మీ కుటుంబము విడువగల అలవాటు ఒకటి నిర్ణయించి, మఠములో పదిమంది ఎదుట ప్రకటింపుడు.

శరణు శరణార్థులు.